ఉడుకు గోడ

దేవదానం మామ చనిపోయిన నెల్లాళ్లకు ఎస్తేరత్త ఫోన్ చేసింది. “పైన అర్ర ఖాళీ చేసి తాళంచెవి ఓనర్‌కు ఇయ్యాలె. ఒక్కదానికి మెట్లెక్కబుద్ధి అయితలేదు. నువ్వొచ్చి జర తోడు నిలబడు బిడ్డా” అంది. ఎస్తేరత్త మా బాపుకు చెల్లెలు. ఎల్లారెడ్డిలో పొద్దున బస్సెక్కి, లింగంపేట మీదుగా కామారెడ్డిలో దిగేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. బస్టాండు వెనక సందులో ఆ మేడ ఇంకా అలాగే ఉంది. కింద ఒకప్పుడు బేకరీ ఉండేచోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. పైన గదిలో విరిగిన కుర్చీలు, ఎవరూ తీసుకుపోని జిరాక్సు కాగితాలు, మూలన ఒక పాత తెర ఉన్నాయి. అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. నేను తిన్నగా వెనక గోడ దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించాను. చల్లగా ఉంది. అత్త చూసి నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. “ఇంకా చూస్తున్నవా” అంది.

ఒక వేసవిలో నెలరోజులు నేను ఆ గదిలో వేడి ఎక్కడుందో చేయి పెట్టి చూస్తూ గడిపాను. ఇరవై ఏళ్లు కూడా నిండని వయసు. ఎవరైనా నన్ను ఏం చదివావని అడిగితే ఇంటర్ అనీ, కంప్యూటర్ కోర్సు అనీ చెప్పేదాన్ని. నిజానికి ఆ రెండింటికంటే ఎక్కువ చదువు నాకు ఆ గదిలోనే అయింది.

అంతకుముందు సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ బీడీలు చుట్టేది. ఎల్లారెడ్డిలో మా వాడకట్టులో చుట్టని ఆడవాళ్లు లేరు. పొద్దున్నే తునికాకు తడిపి గోనెగుడ్డలో చుట్టి పెట్టేది. వంట అయ్యాక చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా కత్తెర చప్పుడే. పొగాకు ఘాటు మా బట్టల్లో, పరుపుల్లో, చివరికి అన్నంలో కూడా ఉండేది. బయటి నుంచి ఎవరైనా వచ్చి తుమ్మితే తప్ప ఆ వాసన ఉందని మాకు గుర్తు కూడా రాదు. అవ్వ నాకు పదేళ్లప్పుడే ఒక చిన్న చేట, ఒక కత్తెర ఇచ్చింది. నాకు చేతకాలేదు. నేను చుట్టినవి వదులుగా ఉండేవి. కార్ఖానాలో మేస్త్రీ నా కట్టలు పక్కకు నెట్టేసేవాడు. అవ్వ తిట్టేది కాదు. వాటిని విప్పి, నిదానంగా మళ్లీ చుట్టేది. అలా విప్పుతున్న ఆమె చేతులు చూడటం తిట్లకంటే కష్టంగా ఉండేది. ఇంటర్ అయ్యాక కామారెడ్డిలో కొన్ని నెలల కంప్యూటర్ కోర్సు ఉందంటే ఏడ్చి బతిమాలి చేరాను. కోర్సయితే అయిపోయింది కానీ ఉద్యోగం ఏదీ రాలేదు. “రెండు చేతులున్నయి, చేట ఉన్నది. ఎందుకు రంది?” అంది అవ్వ. ఓదార్పుగానే అంది. నాకు మాత్రం ఆ మాట శిక్షలా వినిపించింది.

అప్పుడే దేవదానం మామ దుబాయ్ నుంచి తిరిగొచ్చాడు. అక్కడ కాంక్రీటు పోసేముందు కర్రపలకలు బిగించే వడ్రంగి పని చేసేవాడు. పరంజా మీదనుంచి పడి కుడి మోకాలు విరిగింది. అతికింది కానీ మళ్లీ వంగలేదు. కాలు చాచి కూర్చోవడం తప్ప వేరే విధంగా కూర్చోలేడు. వచ్చినరోజే పనిముట్ల సంచి మంచం కిందికి తోసేసి, ఇక దీని మొహం చూడనన్నాడు. దుబాయ్‌లో కంప్యూటర్ ఆటల కొట్ల ముందు కుర్రకారు బారులు తీరడం చూశాడట. చేతిలో ఉన్నదంతా పెట్టి ఆరు కంప్యూటర్లు కొన్నాడు. కరీం భాయి బేకరీ మీది గది కిరాయికి తీసుకుని ఇంటర్నెట్, ఆటలు అని బోర్డు రాయించాడు. చూసుకోవడానికి నన్ను రమ్మన్నారు. వారమంతా అత్త ఇంట్లో ఉండి, ఆదివారం సాయంత్రం ఇంటికెళ్లి, సోమవారం తొలి బస్సుకు వచ్చేదాన్ని.

అత్త ఇంట్లో పొద్దు ఒకే తీరున మొదలయ్యేది. తెల్లవారకముందే లేచి మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థన చేసుకునేది. తరవాత వాకిలి ఊడ్పు, జొన్నరొట్టెల చప్పుడు. మామ పాలు లేని టీ తాగేవాడు. అది దుబాయ్ అలవాటు. దాంట్లోకి కరీం భాయి పంపిన బన్ను తుంచి ముంచుకునేవాడు. మా గది మెట్లెక్కుతుంటే కింద బేకరీలోంచి మాడిన చక్కెర, వెన్న, కట్టెల పొగ కలిసిన వాసన వచ్చేది. కడుపు నిండి ఉన్నా ఆకలేసే వాసన. మామ ఒక తడిగుడ్డతో, ఒక పొడిగుడ్డతో తెరలన్నీ తుడిచేవాడు. అత్త ఒక్కో కంప్యూటర్ మీద చేయి పెట్టి కళ్లు మూసుకుని ఏదో చెప్పుకునేది. కుట్టుపని నేర్పే మనిషి కాబట్టి ఆరు డబ్బాలకూ పసుపురంగు బట్టతో, అంచున లేసు పెట్టి తొడుగులు కుట్టింది. వాటిని గౌన్లు అనేది. మీట నొక్కడానికి ముందువైపు ఒక చీలిక తప్ప డబ్బా మొత్తం ఆ గౌనులో దాగి ఉండేది. రోడ్డు దుమ్ము రాకూడదని, తెర మీద వెలుతురు పడకూడదని మామ కిటికీలు మూసే ఉంచేవాడు. ఇంత జాగ్రత్తగా మా వాడలో ఎవరూ బిడ్డలను కూడా చూసుకోలేదు.

చలికాలమంతా బాగా నడిచింది. డిగ్రీ పిల్లలు వచ్చేవారు. అందరికంటే నమ్మకంగా వచ్చేది కండక్టర్ నర్సింలన్న. నేనెక్కే ఎల్లారెడ్డి బస్సుకు ఆయనే కండక్టర్. మధ్యాహ్నం ట్రిప్పుకూ సాయంత్రం ట్రిప్పుకూ మధ్య ఖాళీలో వచ్చి కార్ల పందెం ఆట ఆడేవాడు. ఉద్యోగమంతా ఇంకొకరు నడిపే బండిలో నిలబడి గడిపే మనిషికి ఆ కుర్చీలో కూర్చుంటే వీపు నిటారుగా అయ్యేది.

ఎండలు ముదరగానే గొడవ మొదలైంది. ఆట మధ్యలో బొమ్మ ఆగి ఆగి వచ్చేది. కారు చప్పుడు ఒకే దగ్గర పట్టుకుని గొణిగేది. కాసేపటికి మిషనే ఆరిపోయేది. “మలుపు కాడికి వస్తనే ఆగుతున్నది చెల్లె. దీనికంటె నా బస్సు నయం” అన్నాడు నర్సింలన్న. డిగ్రీ పిల్లలు ఒకరోజు నవ్వారు, రెండోరోజు విసుక్కున్నారు, మూడోరోజు నుంచి రావడం మానేశారు. నిజామాబాద్ నుంచి మెకానిక్‌ను పిలిపించాం. వైరస్ అన్నాడు. అంతా తుడిచేసి మళ్లీ ఎక్కించాడు. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున బాగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి మళ్లీ అదే కథ. మళ్లీ పిలిస్తే మళ్లీ తుడిచాడు. మూడోసారి వచ్చినప్పుడు పెదవి విరిచి, “లోపల చిప్పులే పోయినయి. ఇగ బాగుకావు. కావాలంటె ఆరింటిని నేనే తీసుకపోత” అన్నాడు. మామ ఆరు తెరలనూ మరొక్కసారి చూశాడు. తరవాత, నెలాఖరు ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

మెకానిక్ మెట్లు దిగి వెళ్లాక నేను మామ ముందు నిలబడ్డాను.

“మామా, నెలాఖరు దాక నాకు ఇడిసిపెట్టు. ఎందుకు ఆగుతున్నయో నేను చూస్త.”

“మెకానిక్‌కే తెలుస్తలేదు. నీకేం తెల్సు?”

“తెల్వదు. తెల్సుకుంట.”

మామ నా మొహంలోకి చూశాడు. “సరే” అన్నాడు. నమ్మి అన్నది కాదు, అలసిపోయి అన్నది. నాకది చాలు. ఆ గది మూతపడితే నేను ఎక్కడికి వెళ్లాలో నాకు తెలుసు. అవ్వ పక్కన ఆ చిన్న చేట ఇంకా గోడకు ఆనించే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. టెలిఫోన్ తీగ మీద నడిచే ఇంటర్నెట్, ఒక పేజీ తెరుచుకునేసరికి ఒక గిన్నె అన్నం ఉడికేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పేజీలు చదివాను. ఎక్కడో ఏదో దేశంలో ఒకాయన ఇలాంటి కష్టమే రాసుకున్నాడు. దానికింద ఇంకొకరు ఇచ్చిన జవాబు ఒక్క ముక్కే: ముట్టుకుని చూశావా? నేను లేచి, వెనక వరుసలో అప్పుడే ఆరిపోయిన డబ్బాకు గౌను ఎత్తి చేయి పెట్టాను. రొట్టె దించిన పెనంలా ఉంది. కోర్సులో చెప్పిన ఒక సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మిషన్ పెట్టగానే డిలీట్ మీట నొక్కితే ఒక నీలి తెర వస్తుంది. లోపల ఎంత వేడి ఉందో అందులో ఒక మూల అంకె కనిపిస్తుంది. ఆ రోజు నుంచి గంటగంటకూ ఒక్కో మిషన్‌ను ఆపి, మళ్లీ పెట్టి, ఆ అంకె నోట్‌బుక్కులో రాసుకున్నాను. నాలుగు రోజులకే కొంత తేలింది. పొద్దున తక్కువ, పదకొండు దాటాక ఎక్కువ. ముందు వరుసలో మూడింటికంటే వెనక గోడ వైపు మూడింటికి చాలా ఎక్కువ.

మొదట చేయాల్సిన పని నాకు అర్థమైంది. అదే అన్నిటికంటే కష్టమైనది. సాయంత్రం అత్త బియ్యం ఏరుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

“అత్తా, ఆ గౌన్లు తీసెయ్యాలె.”

“లోపలికి దుమ్ము వోతది.”

“పోతే తుడుద్దాం. వాటికి ఊపిరి ఆడుతలేదు. మన గుడ్డ లోపల ఉడుకుతున్నయి.”

అత్త చేయి చేటలో ఆగింది.  లేచి బేకరీ మీది గదికి వెళ్లి ఆరు గౌన్లూ విప్పి, లేసు నలగకుండా మడిచి తెచ్చి పెట్టెలో పెట్టింది. రెండు రోజులు నాకు రొట్టె పెట్టింది కానీ మాట పెట్టలేదు. ప్రేమతో చేసిన పనే తప్పయిందని ఒక మనిషికి చెప్పడం ఎంత బరువో నాకు అప్పుడు తెలిసింది. తరవాత జీవితంలో ఇంకా చాలామందికి, నాకు నేను కూడా, చెప్పుకోవలసి వచ్చింది. ఎప్పుడూ తేలిక కాలేదు.

గౌన్లు తీశాక అంకెలు కొంచెం దిగాయి. కానీ మిషన్లు ఆగడం ఆగలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, గిరాకీకి గది తెరిచేలోపు, ఒక డబ్బా మరలు విప్పాను. మరలను వరుసగా ఒక గిన్నెలో వేసుకున్నాను. ఇదే పాడైతే మిగిలినవాటిని కూడా ఎవరూ నాకు అప్పగించరు. లోపల ఫ్యాను కింద వేడిని లాగే లోహపు రెక్కలుంటాయి. వాటి సందులన్నీ బూడిద తెలుపు రంగులో ఏదో గట్టిగా పేరుకుని మూసుకుపోయాయి. దుమ్మే అనుకున్నాను. అత్త ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి ఉంది. వంగి ఒక పెచ్చు తీసి వేళ్ల మధ్య నలిపింది, వాసన చూసింది.

“దుమ్ము కాదిది. మైద” అంది.

రెండు రోజుల తరవాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. మా మెట్ల కిందనే కరీం భాయి మనుషులు పిండి జల్లెడ పట్టేవారు. మేం తలుపు తెరిచి పెట్టుకునేవాళ్లం. ఆ ఫ్యాన్లు నెలల తరబడి పిండిని పీల్చుకుని, ఉడికించి, గట్టిపరిచాయి. ఇద్దరం కూర్చుని రంగులేసే కుంచెతో, సైకిల్ పంపుతో ఆరింటినీ శుభ్రం చేశాం. చిప్పుకూ రెక్కలకూ మధ్య వేడి దాటడానికి ఒక పేస్టు పూస్తారు. అది ఎండి సున్నంలా రాలిపోయింది. మర్నాడు నిజామాబాద్ వెళ్లి నాలుగు కొట్లు తిరిగి ఒక చిన్న ట్యూబు సంపాదించాను. స్పిరిట్ ముంచిన దూదితో పాతది తుడిచి, కొత్తది పలచగా పూశాను.

ముందు వరుస మూడూ ఆ రోజు నుంచి మళ్లీ ఆగలేదు. వెనక మూడు మాత్రం మధ్యాహ్నం రెండు దాటితే ఆరిపోతూనే ఉన్నాయి.

“సగం మంచిగైనయి. సగమన్న అమ్ముదాం” అన్నాడు మామ.

“ఒకే దినం కొన్నం, ఒకే తీరు సాఫు చేసినం. సగం మంచిగ నడుస్తున్నయంటే తప్పు మిషన్లది కాదు మామా. జాగలనే ఏదో ఉన్నది.”

ఆ ఏదో ఏమిటో నర్సింలన్న వల్ల తెలిసింది. ఆయన ఆ మధ్యాహ్నం వచ్చి, ముందు వరుస నిండి ఉంటే వెనక కుర్చీ చూసి నిట్టూర్చాడు. “ఇయ్యాల శుక్రవారమన్న కాదు” అన్నాడు.

“శుక్రవారమైతే ఏంది అన్నా?”

“ఏమో చెల్లె. శుక్రవారం మాత్రం ఆ మూలది ఆగది. నేను గా దినం దాన్నే అడిగి కూసుంట. నువ్వు చూడలే?”

నేను నోట్‌బుక్కు తెరిచాను. రెండు శుక్రవారాలు. రెండింటిలోనూ మధ్యాహ్నం అంకెలు పొద్దుటి అంకెల్లాగే ఉన్నాయి. నేనే నా చేత్తో రాసుకున్నాను, చూడలేదు. లేచి వెనక గోడకు అరచేయి ఆనించి వెంటనే తీసేశాను. ఎండ ఆ గోడ వైపు రాదు. అయినా గోడ ఉడుకుతోంది. మర్నాడు శుక్రవారం. అదే వేళకు చేయి పెడితే గోరువెచ్చగా ఉంది.

కిందికి పరుగెత్తాను. కరీం భాయి నమాజుకు వెళ్లి అప్పుడే వచ్చి టోపీ మడుస్తున్నాడు. తెల్ల గడ్డం, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. నేను అడిగింది విని కొంచెం ఆశ్చర్యపోయాడు.

“జుమ్మా దినం పొద్దుగాల ఒకటే వాయి తీస్త బేటీ. మల్ల సాయంత్రం దాక భట్టీల నిప్పు పెట్టను. ఎందుకు?”

లోపలికి తీసుకెళ్లి చూపించాడు. భట్టీ వెనక నుంచి ఇటుక పొగగొట్టం గోడలో కలిసి పైకి పోతోంది. సరిగ్గా మా వెనక వరుసను ఆనుకుని. “మా నాయిన కట్టించిండు. అప్పుడు పైన అర్ర లేదు” అన్నాడు. అంతలోనే అర్థమై, “నా నిప్పు మీ మిషన్లను ఖరాబ్ చేసిందా? దేవదాన్ భాయికి నేను మొకమెట్ల చూపియ్యాలె? చెప్పు, మధ్యాహ్నం వాయి బందు చేస్త” అన్నాడు. ఆ మధ్యాహ్నం వాయి సాయంత్రం హోటళ్లకు వెళ్లే బన్నులని నాకు తెలుసు.

“మీ నిప్పు మీకు కావాలె చాచా. మేమే జరుగుతం. పిండి జల్లెడ మాత్రం జర పెరట్ల పట్టుకోండ్రి.”

జరుగుతాం అని అనేశాను కానీ ఎలా జరగాలో తెలియదు. మా బల్లలు బల్లలు కావు. గోడలకు మేకులు కొట్టి బిగించిన పలకలు. గది మధ్యకు రావాలంటే కొత్తగా పొడుగుబల్ల చేయించాలి. బజారులో వడ్రంగిని అడిగితే పెళ్లిళ్ల కాలం, మంచాల పని ఉంది, నెల దాటాక చూద్దామన్నాడు. నెలాఖరు ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ సాయంత్రం మామకూ అత్తకూ గోడ సంగతి, పొగగొట్టం సంగతి, వడ్రంగి సంగతి అన్నీ చెప్పాను. మామ విని తల పంకించాడు. లేచి వెళ్లి పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కారణం దొరికింది, మందు దొరకలేదు.

పొద్దున లేచేసరికి పక్కింటివాళ్లు ఎవరో రంపంతో కోస్తున్నట్టు చప్పుడు. చప్పుడు అత్త ఇంటి డాబా మీదినుంచే వస్తోంది. ఎక్కి చూస్తే మామ కుడికాలు చాచుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పనిముట్ల సంచి మూతి తెరిచి ఉంది. గదిలోని గోడ పలకలు రెండు అప్పటికే ఊడదీసి తెచ్చాడు. నన్ను చూసి, “ఆ కొస పట్టుకో” అన్నాడు. పట్టుకున్నాను. కొంతసేపు కోశాక ఆగి, పెన్సిల్ చెవి మీదనుంచి తీసి నాకిచ్చాడు.

“గాలి ఎటు దిక్కుకెల్లి రావాలె, ఎటు పోవాలె, గీసి చూపియ్యి.”

అప్పటిదాకా మామ నన్ను ఏదీ అడగలేదు. చెప్పడమే తప్ప. నేను ఆ పలక మీదనే గీశాను. డబ్బాలు నేలకు జానెడు ఎత్తున ఉండాలి. వాటి వీపులు ఎదురెదురుగా, మధ్యలో మూరెడు ఖాళీ. కింద పలకల మధ్య వేలెడు సందు. మామ ప్రతిదానికీ ఎందుకని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను, తెలియంది తెలియదన్నాను. నాలుగు రోజులు పట్టింది. నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగించి కూర్చునేవాడు. అత్త వేడినీళ్ల కాపడం పెట్టి వెళ్లేది. కిటికీలు తెరవాలంటే తెర మీద వెలుతురు పడుతుంది కదా అని అడిగాను ఆమెను. పలచని నీలిబట్టతో, గాలి ఆడేలా అడుగున బరువు లేకుండా, కిటికీకొక పరదా కుట్టింది. ఎంత పలచగా ఉండాలో నన్ను మూడుసార్లు పిలిచి వెలుతురుకు పట్టి చూపించింది.

నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం నర్సింలన్న డిపోలో తన తోటివాళ్లను పన్నెండుమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. కార్ల పందెం పెడదామని ఆయనే అన్నాడు. ఆ ఏడాదిలో అంత ఎండ కాసిన రోజు ఇంకోటి నాకు గుర్తులేదు. కింద కరీం భాయి భట్టీ మండుతోంది. ఆదివారం ఆయనకు గిరాకీ ఎక్కువ. ఆరు మిషన్లూ గది మధ్యలో మామ చేసిన బల్ల మీద ఉన్నాయి. నేను మూలన నిలబడి, తెరలు కాదు, డబ్బాల వెనక వచ్చే గాలిని చూస్తున్నాను. ఒక గంట అయింది. రెండు గంటలయింది. ఖాకీ చొక్కాలు విప్పి కుర్చీలకు తగిలించి, బనియన్లతో డ్రైవర్లు, కండక్టర్లు తెర మీది మలుపులకు ఒళ్లంతా వంచుతున్నారు. ఒక్క మిషన్ కూడా గొణగలేదు.

సరిగ్గా అప్పుడు నిజామాబాద్ మెకానిక్ మెట్లెక్కి వచ్చాడు. కింద ఆటో నిలబెట్టి వచ్చాడు. గుమ్మంలో నిలబడి గదంతా చూశాడు.

“నడుస్తున్నయా?” అన్నాడు.

“నడుస్తున్నయి. ఇయ్యం” అన్నాడు మామ. తరవాత, నా వైపు చేయి చూపి, “ఏం చేసినవని అడగాలంటె గామెను అడుగు” అన్నాడు.

అతను అడగలేదు. కానీ పోకుండా కాసేపు నిలబడి, వంగి బల్ల కింద పలకల సందులు చూసి, వెనక గోడ మీద చేయి పెట్టి చూసి, తల ఊపి వెళ్లాడు. నాకు అతని మీద ఉన్న కోపం అక్కడితో చాలావరకు పోయింది. నర్సింలన్న చివరి పందెంలో, ఎప్పుడూ ఆగిపోయే ఆ మలుపు దగ్గరే, కారును రాళ్లకు గుద్ది ఓడిపోయాడు. అందరూ ఆయన వైపు చూశారు. “ఇగ తప్పు మిషన్ మీద పెట్టరాదు గద” అన్నాడు. గదంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అవ్వకు చెప్పాను. బీడీలు చుట్టడం ఆపకుండానే అంతా విన్నది. పొగగొట్టం సంగతి దగ్గర మాత్రం ఒకసారి తలెత్తింది. తరవాత లేచి, గోడకు ఆనించి ఉన్న నా చేటను తీసుకెళ్లి అటక మీద పెట్టి వచ్చి, మళ్లీ కూర్చుంది. 

ఆ గది ఇంకా చాలా ఏళ్లు నడిచింది. ఆటలు ఫోన్లలోకి పోయాక జిరాక్సు, దరఖాస్తులు, హాల్‌టికెట్లు అయింది. నేను దూరవిద్యలో డిగ్రీ, ఆపైన ఇంకా చదివి, ఎల్లారెడ్డిలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠం చెప్పాను. మామ ఆ బల్ల తరవాత సంచిని మంచం కిందికి తోయలేదు. కూర్చుని చేయగలిగిన పనులే ఒప్పుకుని, పీటలు, కిటికీ చట్రాలు చివరిదాకా చేశాడు. కరీం భాయి ముందే పోయాడు. కొడుకులు భట్టీ ఆర్పేశారు.

ఆ రోజు తాళంచెవి ఓనర్‌కు ఇచ్చాక, అత్తను వెంటబెట్టుకుని కామారెడ్డిలోనే ఉండే మా తమ్ముడి ఇంటికి భోజనానికి వెళ్లాను. తమ్ముడి కూతురు స్నేహ డిగ్రీ చదువుతోంది. పోయిన వారం తన ల్యాప్‌టాప్ కాలిపోయేలా వేడెక్కి, ఆట మధ్యలో నత్తలా నడిచిందని మాటల్లో చెప్పింది. నేను అన్నం తినడం ఆపేశాను. ఎక్కడ పెట్టి ఆడావు, ఏ వేళకు అవుతోంది, ఫ్యాను చప్పుడెలా ఉంది అని మొదలుపెట్టాను. ఆ పిల్ల నవ్వి, “అయిపోయింది అత్తా. ఫోన్‌ల వీడియో చూసిన. బొంత మీద పెట్టి ఆడుతున్న, గాలి పోతలేదు. వెనక మూత తీసి సాఫు చేసిన, కింద ఎత్తు పెట్టిన. పది నిమిషాల పని” అంది.

నాకు నెల పట్టింది, నీకు పది నిమిషాలు పట్టింది అని పైకి అన్నాను. లోపల కొంచెం చిన్నబోయాను, ఆ మాట దాచను. నా దగ్గర ఉన్న ఒక్క విద్య ఇప్పుడు ఎవరికీ నా దగ్గర అక్కర్లేదు. తరవాత ఆలోచిస్తే అది మంచికేననిపించింది. ఒక ఆడపిల్ల మిషన్ విప్పడానికి ఇప్పుడు ఎవరినీ బతిమాలనక్కర్లేదు, పాడైతే ఎలాగని భయపడనక్కర్లేదు. కానీ ఆ నెలరోజుల్లో నాకు దొరికింది వేడికి కారణం ఒక్కటే కాదు. అత్త మౌనం ఎలా ఉంటుందో, కరీం భాయి ఎదుటివాడి నష్టానికి ఎలా సిగ్గుపడతాడో, వంగని కాలున్న మనిషి రంపం ఎలా పడతాడో కూడా దొరికింది. పది నిమిషాల్లో అయిపోతే అవేవీ చూసేదాన్ని కాదు. అలాగని స్నేహను నెల కష్టపడమనలేను. ఆమె కష్టం ఇంకెక్కడో ఉంటుంది. అది నాకు కనబడకపోవచ్చు.

భోజనాలయ్యాక స్నేహ ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి, నా పక్కన కూర్చుంది.

“అప్పట్ల నువ్వు ఏ ఆట బాగ ఆడేదానివి అత్తా?”

నేను ఒక్కో కుర్చీ, ఒక్కో ఆట గుర్తు చేసుకున్నాను.  ఆ గదిలో నేను ఇంకొకరి ఆట ఆగకుండా చూశాను. కుర్చీలో కూర్చుని ఆడిన పూట ఒక్కటి లేదు. ఆ మాట ఎస్తేరత్తకు కూడా అప్పుడే తట్టినట్టుంది, నా వైపు తిరిగి చూసింది.

“ఆడలేదు” అన్నాను.

స్నేహ కార్ల పందెం పెట్టి, నా చేయి తీసి మీటల మీద పెట్టింది. పచ్చదీపం వెలిగింది. నా కారు మొదటి మలుపులోనే కంచెను గుద్ది పల్టీ కొట్టింది. మిగతా కార్లన్నీ వెళ్లిపోయాయి. స్నేహ ల్యాప్‌టాప్ మూయబోయింది. నేను కుర్చీ ముందుకు లాక్కుని, “మూయకు, మల్ల మొదటిసంది పెట్టు” అన్నాను.